జిరాంగ్ నుంచి చాంగ్‌థాంగ్ వైపు మనసు పోయినవాళ్లకు

పర్లాకిమిడి, బరంపురం మనవాళ్లకు టిబెటన్లు కొత్త కాదు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి ఉన్నారు. అక్కడి జిరాంగ్ బౌద్ధ మఠానికి పిల్లాపాపలతో వెళ్లివస్తూనే ఉంటాం. లద్దాఖ్‌లో టిబెట్‌ను ఆనుకుని ఉన్న చాంగ్‌థాంగ్ పీఠభూమి కూడా చూడాలనుకుంటే మాత్రం ముందు ఎత్తు సంగతి ఆలోచించండి.

బరంపురం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. లేహ్ 3,500 మీటర్లు, చాంగ్‌థాంగ్‌లోని సో మోరిరి సరస్సు 4,500 మీటర్ల పైన. ఆ సరస్సు దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదాంట్లో 60 శాతం కూడా ఉండదు. విమానంలో దిగినవాళ్లు లేహ్‌లో కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాల్సిందే. పగలు బాగానే ఉందని బజారంతా తిరిగితే రాత్రికి తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర మామూలుగా 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, బయల్దేరే ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా డాక్టరుకు ఆ మాట చెప్పాలి. నడక తూలినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే కిందికి దిగిపోవాలి.

మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పలకదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మణి గోడలు (మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడలు) ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండేలా నడవండి.

కియాంగ్ అనే అడవి గాడిదల వెంట దయచేసి బండి తోలకండి. నల్లమెడ క్రౌంచ పక్షులు వేసవిలో చిత్తడి నేలల్లో గూడు పెడతాయి. ఫొటో కోసం దగ్గరికెళ్తే తల్లి లేచిపోతుంది, గుడ్లకు కాపలా ఉండదు. మనం పారేసిన అన్నంతో పెరిగిన ఊరకుక్కలే ఆ గుడ్లనీ పిల్లల్నీ తినేస్తున్నాయి. మిగిలిన తిండి, చెత్త మూటగట్టి లేహ్‌కే తెచ్చేయండి.