వజ్రాల దేశంలో నికెల్ ఊరికి

బోట్స్వానా వెళ్లినవాళ్లలో చాలామంది విమానంలో మౌన్ వెళ్లి, ఒకావాంగో డెల్టాలో ఏనుగుల్ని చూసి వెనక్కొచ్చేస్తారు. తక్కువమందిని రానిచ్చి ఎక్కువ డబ్బు రాబట్టాలన్నది అక్కడి ప్రభుత్వం కావాలని పెట్టుకున్న పద్ధతి కాబట్టి, డెల్టాలో ఒక రాత్రి బసకయ్యే ఖర్చుతో మిగతా దేశమంతా బస్సుల్లో తిరగొచ్చు. 58 ఏళ్లు ఏలిన పార్టీ 2024 అక్టోబరు 30 ఎన్నికల్లో 61 స్థానాలకు 4 దగ్గర ఆగిపోయింది, ఆ దేశం ఎలా ఉందో తెలుసుకోవాలంటే మాత్రం రాజధాని గాబరోనే నుంచి ఏ1 రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోవాలి. నేనెక్కింది నికెల్ గని ఊరు సెలెబి-ఫిక్వే వెళ్లే బస్సు.

నిజానికి ఇది రైల్లో వెళ్లాల్సిన దారి. ఫ్రాన్సిస్‌టౌన్ వైపు నడిచే రాత్రి రైలును 2009లో ఆపేశారు, 2016లో కొత్త పెట్టెలతో మొదలుపెట్టారు, 2020లో మళ్లీ ఆగింది. పట్టాలు మాత్రం రోడ్డుతోపాటు చాలాదూరం వస్తూనే ఉంటాయి. ఇరుకు సీట్లో కూర్చుని వాటిని చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

గాబరోనే బస్‌స్టాండు రైల్వే స్టేషనుకు అవతలి పక్క, పట్టాల మీది కాలివంతెన దాటితే వస్తుంది. ఫిక్వేకి దాదాపు 400 కిలోమీటర్లు. పొద్దుటి బస్సే ఎక్కాలి, ఎందుకంటే చీకటి పడ్డాక ఆవులూ గాడిదలూ రోడ్డు మీదే ఉంటాయి. సీట్లు ఒకవైపు మూడు, మరోవైపు రెండు. డబ్బు బస్సులోనే కండక్టరుకు ఇవ్వాలి, చిల్లర దగ్గరుంచుకోవడం మంచిది. తినడానికి మగ్విన్యా దొరుకుతాయి. పులియబెట్టిన గోధుమపిండి ఉండల్ని నూనెలో వేయిస్తారు, వేడిగా ఉంటే బాగుంటాయి. కూరగాయలే ఖరీదు. దక్షిణాఫ్రికా నుంచి టమాటా, ఉల్లి లాంటి కూరగాయల దిగుమతిని 2022 జనవరిలో ఆపేశారు, ఇక్కడి రైతులు పండిస్తారని. కొంత పండించారు కూడా. కానీ నీళ్లు, నిల్వ గిడ్డంగులు లేకుండా నిషేధమొక్కటే పెడితే పంట రాని నెలల్లో ధర ఆకాశానికంటుతుంది. కొత్త ప్రభుత్వం వచ్చాక దాన్ని సడలించడం మొదలైంది.

దిబేటే దగ్గర బస్సు ఆగింది. ఇది పశువైద్య శాఖ గేటు. అందరూ దిగి, మందు కలిపిన నీళ్లలో తడిసిన చాప మీద చెప్పులు తొక్కి నడవాలి. బస్సు చక్రాలు కూడా మందునీళ్లలోంచే పోతాయి. సంచుల్లో పచ్చిమాంసం ఉందేమో చూస్తారు, దొరికితే ఉంచేసుకుంటారు. ఉత్తరం నుంచి గాలికుంటు వ్యాధి కిందికి దిగకుండా దేశాన్ని కంచెలతో మండలాలుగా కోశారు. రోగం లేని మండలంలో అది కనబడితే అక్కణ్ణుంచి యూరప్‌కు గొడ్డుమాంసం ఎగుమతి ఆగిపోతుంది. నాకు ఈ గేటు దగ్గర గడిచిన కాసేపట్లో ఈ ప్రభుత్వం గురించి తెలిసినంత గాబరోనేలో ఎత్తయిన భవనాల మధ్య తెలియలేదు. ఎవరూ లంచం అడగలేదు, ఎవరినీ వదిలిపెట్టలేదు, సూటు వేసుకున్నాయన కూడా చాప తొక్కాడు.

ఈ క్రమశిక్షణ వజ్రాల కంటే పాతది. 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశం మొత్తమ్మీద తారురోడ్డు 12 కిలోమీటర్లు. పాలించడానికి వచ్చినవాళ్లు పెద్ద మందలున్న పశువుల ఆసాములు. ఎగుమతి నియమాలు, ఆస్తి హక్కులు, రోడ్లు సరిగా ఉంటేనే వాళ్లకూ లాభం. దీనికి మరోవైపూ ఉంది. ఆ కంచెలు పెద్ద మందలవాళ్లకు పనికొచ్చాయి గానీ, నీళ్లకోసం వలసపోయే వైల్డ్‌బీస్ట్‌లు 1980లలో వాటి దగ్గరే వేలల్లో చచ్చాయి.

1967లో ఒరాపా వజ్రాలు బయటపడ్డాయి. అవి బామంగ్వాటో తెగ నేలలో ఉన్నాయి. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఆ తెగ రాజవంశంవాడే. అదే ఏడాది వచ్చిన చట్టం ఖనిజ హక్కులను తెగల చేతినుంచి దేశం చేతిలో పెట్టింది. సొంత తెగ చేతినుంచి సిరిని తీసి అందరిదీ చేసిన ఈ పని లేకపోతే మిగతాదేదీ జరిగేది కాదని నా నమ్మకం. తర్వాత వజ్రాల కంపెనీ డీబీర్స్‌తో బేరమాడి, గనుల్లో 15 శాతంతో మొదలైన దేశం వాటాను 1970ల మధ్యకల్లా సగం చేశారు. 1994లో పులా ఫండ్ అనే పొదుపు నిధి పెట్టి మిగులు దాచారు. ఖనిజాల డబ్బు పెట్టుబడికే వాడాలి, జీతాలకూ రోజువారీ ఖర్చులకూ వేరే పన్నులు చూసుకోవాలి అని నియమం పెట్టుకున్నారు. లొసుగు కూడా అందులోనే ఉంది: విద్య, వైద్యం మీద రోజువారీ ఖర్చును సైతం పెట్టుబడిగానే లెక్కేశారు. ప్రభుత్వ కొలువులు పెరిగినా లెక్క బాగానే కనిపించేది. అయినా ఆ డబ్బు ప్రాణాలు నిలబెట్టింది. ఎయిడ్స్ దేశాన్ని ఊడ్చేస్తున్నప్పుడు, 2002లో, ఆఫ్రికాలో అందరికంటే ముందు ప్రజలకు ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది బోట్స్వానా ప్రభుత్వమే.

మకర రేఖ, మహలాప్యే, పలాప్యే దాటి, సెరూలే దగ్గర కుడికి తిరిగితే మరో 60 కిలోమీటర్లు. చివర్లో దూరం నుంచే గని కనిపిస్తుంది. సింగరేణి ఊళ్లు చూసినవాళ్లకు ఫిక్వే కొత్తగా ఉండదు. గని కోసం పుట్టిన ఊరు, దాని చుట్టూ అల్లుకున్న బతుకు. రాగి, నికెల్ తవ్వే బీసీఎల్‌ను 2016 అక్టోబరులో ఉన్నట్టుండి మూసేశారు. 5,000 మందికి పైగా పని పోయింది. పక్కసీటు ఆవిడ భర్త వాళ్లలో ఒకడట. గాబరోనేలో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాడు, నెలకోసారి ఈ బస్సెక్కుతాడు.

గని ఎప్పటికైనా ఆగుతుందని ప్రభుత్వానికి తెలుసు. ఊరికి వేరే పని వెతకడానికి స్పెడు అనే సంస్థను గని మూతపడటానికి చాలా ముందే పెట్టారు. అంతకుముందు 1982 నుంచి ఒక సాయం పథకం ఉండేది. కొత్త ఫ్యాక్టరీల జీతాల్లో పెద్ద భాగం సర్కారే మొదట భరించి, ఏటా తగ్గిస్తూ అయిదేళ్లకు ఆపేది. దాంతో బట్టలు కుట్టే కంపెనీలు వచ్చాయి, సాయం ఆగగానే వెళ్లిపోయాయి. సముద్రం లేని దేశం, సుమారు 25 లక్షల జనం, సరుకు రేవు చేరాలంటే పరాయి దేశం దాటాలి. ఇలాంటి చోట నిలిచేది రవాణా, కరెంటు చవగ్గా ఉన్న పరిశ్రమే. 600 మెగావాట్ల మొరూపూలే-బి విద్యుత్ కేంద్రం కట్టారు గానీ మొదటి నుంచీ మరమ్మతులే. ఇక బీసీఎల్, తానే నష్టాల్లో ఉండి, 2014లో ఓ రష్యా కంపెనీ నుంచి 30 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి గని వాటాలు కొంటానని ఒప్పుకుంది. దీన్ని మాత్రం నేను క్షమించలేను. ఫిక్వే పక్కనున్న లెట్సిబోగో జలాశయం నీళ్లు 360 కిలోమీటర్ల గొట్టంలో రాజధానికి చేరుతున్నాయి. అటునుంచి ఇటు ఒక ఫ్యాక్టరీని తేలేకపోయారు.

ఓటర్లకు కోపం ఎప్పట్నుంచో ఉంది. 2014లోనే పాలక పార్టీకి సగం కంటే తక్కువ ఓట్లొచ్చాయి. ప్రతిపక్షాలు చీలడంతో 57లో 37 సీట్లు దక్కాయి. 2024లో పదింట మూడు ఓట్లొచ్చినా దక్కినవి నాలుగే. ఒక్కో స్థానంలో ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే పద్ధతి ఇన్నాళ్లూ కాపాడింది, అదే ముంచింది. అప్పటి అధ్యక్షుడు మసీసీ లెక్కింపు పూర్తికాకముందే ఓటమి ఒప్పుకున్నాడు, గొడవ లేకుండా దిగాడు. ఆ 58 ఏళ్ల లెక్కలో దీన్ని కూడా జమ వైపు రాయాలి.

అప్పు వైపు బరువు ఇప్పుడు తెలుస్తోంది. ల్యాబులో చేసిన వజ్రాలొచ్చి అసలు వజ్రాల గిరాకీ పడిపోయింది, ఖజానా తగ్గింది. 2025 ఆగస్టులో ఆసుపత్రుల్లో మందుల కొరతకు ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది, 2002లో అందరికీ మందులిచ్చిన దేశంలోనే. జ్వానెంగ్ వజ్రాల గనిలో ఇప్పుడు తవ్వుతున్న కట్-9 అనే దశ సుమారు 2035 దాకా వస్తుంది, ఆ తర్వాత భూగర్భంలోకి దిగాలి, ఖర్చు ఎక్కువ. జ్వానెంగ్ కూడా గని కోసం పుట్టిన ఊరే. గనికి తోడుగా అక్కడ ఏ పని నిలబెడతారో మసీసీ తర్వాత వచ్చిన అధ్యక్షుడు బోకో ప్రభుత్వాన్ని ఇప్పుడే అడగాలి. అడగడానికి ఇంకో పదేళ్లే ఉంది.