మూడు పౌన్ల జీతం, ఒక సైకిలు

వారానికి మూడు పౌన్ల జీతం, ఒక సైకిలు, కలం, కాగితాలు. 1942లో ఐర్లండ్ జానపద సంపదను సేకరించే ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ షేమస్ ఎన్నిస్‌కు ఇచ్చినవి ఇవే. అప్పటికి ఆయన వయసు 23. ఐరిష్ భాష ఇంకా ఇళ్లలో బతికి ఉన్న పడమటి తీరపు ఊళ్లకు వెళ్లి, పెద్దవాళ్ల నోట నిలిచిన పాటలూ బాణీలూ రాసుకురావడం ఆయన పని.

ఇక్కడ ఐర్లండ్‌లో ఎన్నిస్ పేరెత్తితే చాలామంది ఆయన్ని కాలు ఒకచోట నిలవని మనిషిగానే గుర్తు చేసుకుంటారు. మంచి మాటకారి, మహా పైపర్ (పైప్స్ అనే తిత్తి వాద్యం వాయించేవాడు), చీకటి పడిన చోటే మకాం వేసేవారు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయినా ఆ వర్ణన వింటే నాకు మనసు ఒప్పదు. ఐదేళ్లపాటు ఎండకూ వానకూ సైకిలు తొక్కి, పగలు విన్నది రాత్రి సాపు రాసి, రోజువారీ డైరీ నింపి డబ్లిన్ ఆఫీసుకు లెక్క చెప్పిన మనిషి ఆయన. దేశదిమ్మరి అంటే ఆ కష్టమంతా కనబడకుండా పోతుంది.

నాకు ఆయన ఉద్యోగిగానే దగ్గరయ్యారు. నాదీ తలుపులు తట్టే ఉద్యోగమే. వర్క్ పర్మిట్ మీద వచ్చి, డబ్లిన్ కౌంటీ ఉత్తర భాగంలో బాల్‌బ్రిగన్, ద నాల్ చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకుంటాను. మంచం మీద నుంచి లేపడం, స్నానం, ఓట్స్ జావ, మందులు. ఇంట్లో అడుగు పెట్టగానే ఫోనులో నొక్కాలి, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ నొక్కాలి. ఒక్కో ఇంటికి ఇచ్చేది చాలావరకు అరగంటే. ఆ అరగంటలో బట్టలు మార్చడం కష్టం కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో తన ఒళ్లు పెట్టడానికి ఎనభై ఏళ్ల మనిషి ఒప్పుకోవడం కష్టం. వేగంగా పనిచేస్తే ఆ ఒప్పుదల రాదు. కాసేపు కూర్చోవాలి. వాళ్ల వాన గురించి, వాళ్ల ఆవుల గురించి వినాలి.

అలాంటి ఒక వంటింట్లోనే ఎన్నిస్ వాయించిన ఆ ఐరిష్ వాద్యం, ఇలన్ పైప్స్, మొదటిసారి విన్నాను. ఆ ఇంటి పెద్దాయన, ఒకప్పటి రైతు, రేడియో ఆపనిచ్చేవారు కాదు. ఒక ఉదయం అందులోంచి సన్నాయికి దగ్గరగా ఉండే గొంతు ఒకటి లేచింది. దాని కింద ఒకే స్వరాన్ని పట్టుకుని మరికొన్ని గొంతులు ఆగకుండా మోగుతున్నాయి. చేతిలో కప్పు కడగడం ఆపేశాను. పెద్దాయన అది చూసి, అంతవరకు నాతో పొడిపొడిగా మాట్లాడిన మనిషి, రేడియో కాస్త పెంచి, "ఎన్నిస్. ఇక్కడే, ఈ రోడ్డు పైనే ఉండేవాడు" అన్నారు.

తర్వాత ఒక శనివారం ద నాల్‌లో ఎన్నిస్ పేరిట ఉన్న కళాకేంద్రానికి వెళ్లి, ఆ వాద్యాన్ని దగ్గర నుంచి చూశాను. వాయించేవాళ్లు కూర్చునే వాయించాలి. కుడి మోచేతి కింద చిన్న కొలిమితిత్తి నడుముకు పట్టీతో కట్టి ఉంటుంది. మోచెయ్యి ఆడిస్తే గాలి ఎడమ చంక కిందనున్న తోలుసంచిలోకి పోతుంది. స్వరాలు పలికే గొట్టం చివర తొడ మీద పరిచిన తోలుముక్కకు ఆనుతుంది. అక్కడ మూసి, సంచిని ఇంకాస్త గట్టిగా నొక్కితే స్వరం పై స్థాయికి ఎగురుతుంది. శ్రుతి గొట్టాలు మూడు. వాటితోపాటు మీటలున్న గొట్టాలు మరో మూడు ఒళ్లో అడ్డంగా పడుకుని ఉంటాయి. వేళ్లు బాణీ వాయిస్తుంటే కుడి మణికట్టు అంచు వాటి మీటలను నొక్కుతూ తోడు స్వరాలు పలికిస్తుంది. ఒక మనిషి ఒంట్లో ఇన్ని కీళ్లు ఒకేసారి వేర్వేరు పనులు చేయడం నేను ఎక్కడా చూడలేదు. నేర్చుకోవడానికి ఏడేళ్లు, సాధనకు ఏడేళ్లు, వాయించడానికి ఏడేళ్లు అని ఇక్కడ ఒక నానుడి. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం ఊదే మేకతోలు తిత్తి చూసినవాళ్లకు ఈ వాద్యం పూర్తిగా పరాయిగా అనిపించదు. అయితే మన తిత్తి శ్రుతి దగ్గర ఆగుతుంది. ఇది శ్రుతిని పట్టుకుని పాడుతుంది కూడా.

ఎన్నిస్ 1919లో ఫింగ్లస్ దగ్గర జేమ్స్‌టౌన్‌లో పుట్టారు. ఇప్పుడు ఫింగ్లస్ డబ్లిన్ నగరంలో కలిసిపోయింది. అప్పుడది పల్లెటూరు. తండ్రి వ్యవసాయ శాఖలో ఉద్యోగి, పేరున్న పైపర్. 1908లో లండన్‌లో ఒక తాకట్టు దుకాణంలో ఆయనకు ఒక సంచీ దొరికింది. అందులో ఉన్నవి డబ్లిన్ థామస్ వీధిలో కోయిన్ అనే పనివాడు చేసిన పాత పైపుల ముక్కలు. వాటిని బాగు చేయించి వాయించారు. కొడుకు పెరిగింది ఆ ధ్వనిలోనే. చదువయ్యాక ఎన్నిస్ ఒక ముద్రణాలయంలో చేరి, అక్కడే సంగీతాన్ని స్వరలిపిలో రాయడం నేర్చుకున్నారు. యుద్ధకాలపు కొరతల్లో ఆ పనికి ఇబ్బందులు వచ్చాయి. చెవితో విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టగల మనిషి కమిషన్‌కు కావలసి వచ్చింది. కమిషన్ నడిపే జేమ్స్ డెలార్గీ ఆయన్ని తీసుకున్నారు.

ఆ రోజుల్లో కమిషన్ సేకర్తలకు ఎడిఫోన్ అనే యంత్రం ఉండేది. మైనపు గొట్టం మీద గొంతు ముద్ర పడేది. రాసుకోవడం పూర్తయ్యాక ఆ మైనాన్ని గీకేసి మళ్లీ వాడేవారు. కొత్త గొట్టాలకు డబ్బులేదు. అలా ఎన్ని గొంతులు గీకుడులో పోయాయో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఎన్నిస్ రాసిన స్వరలిపికి అంత విలువ.

ఆయన ఎక్కువగా పనిచేసింది గాల్వే తీరంలోని కానమారాలో. కార్నా దగ్గర గ్లిన్ష్క అనే ఊళ్లో కొలమ్ ఓ కీయాన్ అనే మనిషి ఉండేవారు. కొద్దిపాటి సేద్యం, చేపల వేట ఆయన జీవనం. ఆయన ఒక్కరి దగ్గరే ఎన్నిస్ 200 పైచిలుకు పాటలూ బాణీలూ రాసుకున్నారు. ఒక్క రోజులో వచ్చినవి కావు. మళ్లీ మళ్లీ వెళ్లారు, స్నేహం చేశారు, పొలం పనిలో చేయి కలిపారు. పగలు పని ఉన్నవాడికి పాడే తీరిక రాత్రే కదా. ఎన్నిస్ ఏ ప్రాంతానికి వెళ్తే ఆ ప్రాంతపు ఐరిష్ మాట్లాడేవారు. వాళ్లను అడిగే ముందు తాను ఒక బాణీ వాయించేవారు, ఒక పాట పాడేవారు. చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చుని "మీ దగ్గరున్నది చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ప్రశ్నల పట్టికలతో వచ్చేవాళ్లు ఈ సంగతి ఎప్పుడు గ్రహిస్తారో.

కార్క్ కౌంటీ బాలివోర్నీలో ఎలిజబెత్ క్రోనిన్ ఉండేవారు. గొప్ప గాయని. ఎన్నిస్ వస్తున్నారంటే ఆమె తన పాటల మాటలను ముందే కాగితం మీద రాసిపెట్టి, రాగానే చేతిలో పెట్టేసేవారట. రాత పని ముందే తెమిలిపోతే మిగిలిన సమయమంతా తీరిగ్గా కబుర్లు చెప్పుకోవచ్చని. ఎన్నిస్ గురించి నేను విన్నవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఎంత కష్టపడినా ఆ పని చేసేవాడికి ఇంతకు మించిన జీతం ఉండదు.

ఆ ఇళ్లలో ఆయనకు అందిన టీ గురించి కూడా ఆలోచిస్తాను. 1941లో ఐర్లండ్‌లో టీపొడి రేషను మనిషికి వారానికి అర ఔన్సుకు, అంటే సుమారు 14 గ్రాములకు దిగిపోయింది. ఆ తర్వాతా కొరత తీరలేదు. అలాంటి కాలంలో సైకిలు మీద వచ్చిన అపరిచితుడికి ఒక కప్పు పోశారంటే వాళ్ల వారపు వాటాలోంచి పోసినట్టే. నేను వెళ్లే ఇళ్లలో నన్ను టీ తాగకుండా పంపరు. అరగంటలో ఆ టీకి చోటు లేదు. అయినా నిలబడి గబగబా మింగడం ఇప్పుడు మానేశాను, కూర్చుని తాగుతాను.

1947లో ఎన్నిస్ ఐర్లండ్ రేడియోకు మారారు. క్లేర్ కౌంటీ పైపర్ విలీ క్లాన్సీని మొదటిసారి రికార్డు చేసింది ఆ ఉద్యోగంలోనే. 1951 చివర బీబీసీ పిలిస్తే లండన్ వెళ్లారు. అక్కణ్నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లండ్ పల్లెల్లో తిరిగి, ఈసారి టేపు మీద, గొంతులు పోగుచేశారు. పెళ్లి, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, రేడియోలో పేరు. 1958లో బీబీసీ కాంట్రాక్టు పొడిగించలేదు. పరాయి దేశంలో సంసారం పెట్టుకున్న మనిషికి ఆ ఒక్క కాగితం ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. నా వంట గది బీరువాలో నా పర్మిటు ఉంటుంది. దాని గడువు తేదీ నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

వివాహం నిలవలేదు. క్షయ వచ్చింది. ఐర్లండ్ తిరిగి వచ్చి, నెలజీతం లేకుండా, వాద్యాన్నే నమ్ముకుని బతికారు. ఈ దేశం తన పాటల్ని కాపాడిన మనిషికి ఒక స్థిరమైన కుర్చీ వేయలేకపోయిందని నాకు బాధ. ఆయన్ని దేవుడిలా చూశారని ఇప్పుడు అంటారు. దేవుళ్లకు అద్దె కట్టే పని ఉండదు.

ఇలన్ పైపర్ల సంఘం 1968లో పుట్టినప్పుడు ఆ మొదటి కూడికలో ఆయన ఉన్నారు. ఆనాటికి ఈ వాద్యం వాయించేవాళ్లు వంద మంది కూడా మిగల్లేదని ఆ సంఘమే చెబుతుంది. 2017లో యునెస్కో ఇలన్ పైపింగ్‌ను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ మధ్యకాలాన్ని నిలబెట్టినవాళ్లలో ఎన్నిస్ పాత్ర చిన్నది కాదు. యువ పైపర్ లియమ్ ఓఫ్లిన్‌తో ఒకే గదిలో ఉంటూ ఆయనకు విద్య చెప్పారు. 1975లో ద నాల్‌లో ఒకప్పుడు తాతల సొంతమైన నేల కొనుక్కుని, అందులో ఒక కారవాన్‌లో కాపురం పెట్టారు. 1982 అక్టోబరులో పోయారు. అదే ఏడు వేసవిలో, విలీ క్లాన్సీ పేర మిల్‌టౌన్ మాల్బేలో ఏటా జరిగే సంగీత పాఠశాలలో ఇంకా వాయిస్తూనే ఉన్నారు. తాకట్టు దుకాణంలో దొరికిన ఆ కోయిన్ పైపులు లియమ్ ఓఫ్లిన్‌కు రాసిచ్చారు.

మనవైపు బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాలపై ఉస్మానియాలో పరిశోధన చేసినదీ ఎన్నిస్ ఊళ్లు తిరుగుతున్న కాలానికి కొంచెం ఇటే, 1950లలో. అక్కడా ఇక్కడా అదే తొందర: పాడేవాళ్లు పోకముందే చేరుకోవాలి.

ఎన్నిస్ రాసిన స్వరలిపులు, డైరీలు డబ్లిన్ బెల్‌ఫీల్డ్‌లో యూనివర్సిటీ కాలేజి జాతీయ జానపద సంగ్రహంలో ఉన్నాయి. మెరియన్ స్క్వేర్ 73వ నంబరు ఇంట్లో సంప్రదాయ సంగీత భాండాగారం ఉంది. అక్కడ ఎవరైనా వెళ్లి వినవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మనవాళ్లు ఎందరో ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేస్తూ మధ్యాహ్నం భోజనానికి ఆ స్క్వేర్ తోట దాటి వెళ్తుంటారు. ఒకసారి ఆ భాండాగారం మెట్లెక్కి ఎన్నిస్ వాయించిన రికార్డింగులు అడగండి. నా పని వేళల పట్టికలో ఖాళీ దొరికినప్పుడు నేను చేసేది అదే. మరుసటి రోజు పెద్దాయన వంటింట్లో ఆ బాణీ పేరు చెబితే, దాన్ని ఎవరు ఇంకా బాగా వాయించేవారో ఆయన నాతో వాదనకు దిగుతారు.