కాలిబాటలో ఇత్తడి పలకలు

బెర్లిన్‌లో కాపురం పెట్టిన తరువాత రెండో ప్రపంచ యుద్ధం నాకు పాఠ్యపుస్తకంలోని అధ్యాయంగా మిగలలేదు. కూరగాయలకు వెళ్ళే దారిలో ఒక పాత ఇంటి గుమ్మం ముందు, కాలిబాట రాళ్ళ మధ్య అరచేతిలో పట్టేంత ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. ఒక్కొక్క పలక మీద ఆ ఇంట్లో ఒకప్పుడు నివసించిన మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, నాజీలు ఎప్పుడు తరలించారో, ఎక్కడ చంపారో చెక్కి ఉంటుంది. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో ఆరంభించిన ఈ పని 2023లో లక్ష పలకలకు చేరింది. యూదుల ఇళ్ళను, దుకాణాలను ధ్వంసం చేసిన 1938 నాటి రాత్రిని తలచుకుంటూ, ఏటా నవంబరు 9న ఇరుగుపొరుగువారు గుడ్డ, పాలిష్ తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని వాటిని తోముతారు. పెద్ద స్మారక కట్టడాల కంటే ఈ చాకిరీయే నాకు గౌరవంగా కనిపిస్తుంది.

ఆ యుద్ధంలో పడి, పేలకుండా నేలలోనే మిగిలిపోయిన బాంబుల సంగతి వేరు. 2018 ఏప్రిల్‌లో ప్రధాన రైల్వే స్టేషన్ దగ్గర 500 కిలోల బ్రిటిష్ బాంబు బయటపడినప్పుడు, దానిని నిర్వీర్యం చేసేదాకా స్టేషన్‌ను, చుట్టుపక్కల భవనాలను ఖాళీ చేయించారు. ఇలాంటి వార్త విన్నప్పుడల్లా ఇంటి దగ్గర అమ్మ కంగారుపడుతుంది కానీ, ఇక్కడివాళ్ళు రైలు ఎంత ఆలస్యమో కనుక్కుని ఊరుకుంటారు. నగరానికి ఉత్తరాన ఉన్న ఒరానియన్‌బుర్గ్‌లో రసాయన ఫ్యూజులున్న (పడిన వెంటనే కాక ఆలస్యంగా పేలేలా చేసిన) బాంబులు నేటికీ దొరుకుతున్నందున, ఇల్లు కట్టదలచినవారు పునాది తవ్వక ముందే నేలను పరీక్ష చేయించుకోవాలి.