ప్రే పట్టణంలో చవక హోటల్ బస: నా అనుభవం

మా నాన్నగారు అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. టేకు చెట్టు గురించి మాట్లాడడం మొదలుపెడితే ఆయనకు భోజనవేళ కూడా గుర్తుండదు. అందుకే థాయిలాండ్ ప్రయాణం అనుకున్నప్పుడు పట్టాయా, ఫుకెట్ లాంటి పేర్లను ఆయన చెవిన పెట్టలేదు. ఒకప్పుడు టేకు వ్యాపారంతో వర్ధిల్లిన ప్రే అనే పట్టణానికి వెళ్దామని తేల్చిచెప్పారు. ఉత్తర థాయిలాండ్‌లో యోమ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి విదేశీయులు రావడం తక్కువ. కాబట్టి అక్కడి హోటళ్ళు స్థానిక వ్యాపారులకు, సర్కారు పని మీద వచ్చే ఉద్యోగులకు, పెళ్ళిళ్ళకు వచ్చే బంధువులకు అలవాటైన పద్ధతిలో నడుస్తాయి. ఆ పద్ధతి తెలిస్తే చాలా తక్కువ ఖర్చుతో హాయిగా ఉండవచ్చు. మేము దిగిన హోటల్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అలాంటివి ఆ ఊళ్ళో మరికొన్ని ఉన్నాయి, అన్నింటి తీరూ దాదాపు ఒకటే.

గది విషయం ఇంట్లో ఉండగానే మొదలవుతుంది. 2025 మే 1 నుంచి థాయిలాండ్‌కు వెళ్ళే విదేశీయులందరూ డిజిటల్ అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి. దేశంలో అడుగుపెట్టడానికి ముందు మూడు రోజుల లోపలే అది నింపడానికి వీలవుతుంది. దీనికి రుసుము లేదు, కానీ డబ్బు అడిగే నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి కనుక ఇమిగ్రేషన్ శాఖ వారి అసలు చిరునామాలోనే నింపాలి. అందులో బస చేసే చోటు చిరునామాను జిల్లా, ఉప జిల్లా వరకు విడివిడిగా అడుగుతారు. బుకింగ్ యాప్‌లో హోటల్ చిరునామా సగమే ఉండడంతో నేను మ్యాపు చూసి, పాత కోట గోడ లోపలి ప్రాంతాన్ని నై వియాంగ్ అంటారని తెలుసుకుని, ఆ పేరును ఎంచుకున్నాను. అప్పటికి భారతీయ పాస్‌పోర్టుకు వీసా మినహాయింపు ఉంది కనుక వేరే పత్రాలేవీ అవసరం కాలేదు.

యాప్‌లో ఒక్క రాత్రికి మాత్రమే గది తీసుకున్నాను. అలాంటి ఊళ్ళో, పండుగలూ వరుస సెలవులూ లేని రోజుల్లో, గదులు దొరకకపోవడం అరుదు. పైగా గది కళ్ళతో చూశాక కౌంటరులోనే మిగిలిన రోజుల సంగతి మాట్లాడుకోవచ్చు. తరువాత తేలిందేమిటంటే, యాప్‌లో పన్నులతో కలిపి పడిన మొత్తం కన్నా కౌంటరులో చెప్పిన అద్దె తక్కువ. ఏసీ గదికి 450 బాట్ అన్నారు, అంటే మన డబ్బులో సుమారు పన్నెండు వందల రూపాయలు. ఫ్యాను గది ఇంకా చవక, కానీ వానాకాలపు ఉక్కలో నాన్నగారిని అందులో ఉంచే ధైర్యం నాకు లేకపోయింది.

ప్రే పట్టణానికి రైలు లేదు. బ్యాంకాక్ నుంచి చియాంగ్ మాయ్ వెళ్ళే మార్గంలో డెన్ చాయ్ అనే స్టేషనులో దిగి, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపు రోడ్డు మీద వెళ్ళాలి. డెన్ చాయ్ నుంచి ప్రే మీదుగా చియాంగ్ రాయ్ వైపు కొత్త రైలు మార్గం వేస్తున్నారు, కానీ మేము వెళ్ళేసరికి అది ఇంకా నిర్మాణంలోనే ఉంది. రాత్రి బండిలో బయలుదేరి పొద్దున్నే దిగాము. వెనుక రెండు బల్లలు బిగించిన సోంగ్‌తావ్ బండిలో స్కూలు పిల్లల మధ్య, కూరగాయల గంపల మధ్య కూర్చుని ఊరు చేరేసరికి ఇంకా ఎనిమిది కాలేదు. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు గంటలకు. ఇక్కడ కంగారుపడనక్కరలేదు. సామాను కౌంటరు వెనుక పెట్టి, కింద ఉన్న బాత్రూములో ముఖం కడుక్కుని ఊరు చూసి రమ్మంటారు. గది ముందే ఖాళీ అయితే ముందే ఇస్తారు. మాకు పదకొండు దాటగానే తాళం చేతికి వచ్చింది, అదనంగా ఏమీ అడగలేదు.

కౌంటరులో ఉన్నది అరవై దాటిన పెద్దావిడ. అందరూ ఆమెను పెద్దమ్మను పిలిచినట్టు ‘పా’ అని పిలుస్తున్నారు కనుక మేమూ అలాగే పిలిచాము. ఆమెకు ఇంగ్లీషు రాదు, మాకు థాయి రాదు; మధ్యలో ఫోనులోని అనువాద యాప్ ఉంది. యాప్‌లోని బుకింగ్ చూపిస్తే ఆమె తన పుస్తకంలో వెతికి, దొరకక, మళ్ళీ తన ఫోనులో చూసి తల ఊపింది. పాస్‌పోర్టు అడిగినప్పుడు నాన్నగారు నా మోచెయ్యి పట్టుకుని, ‘‘ఒరేయ్, పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు’’ అన్నారు. ‘‘ఇవ్వక తప్పదు నాన్నగారూ, ఇక్కడ చట్టం అది’’ అని నచ్చజెప్పవలసి వచ్చింది. నిజంగానే 1979 నాటి థాయి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం, విదేశీయుడు బస చేసిన సంగతిని ఆతిథ్యమిచ్చినవారు 24 గంటల లోపు అధికారులకు తెలియజేయాలి. ఆ పని హోటలే చేస్తుంది. మనం పాస్‌పోర్టు వివరాలు ఇస్తే చాలు. ఆమె ఫొటో ఉన్న పేజీని, దేశంలోకి వచ్చినప్పుడు వేసిన ముద్రను ఫోనుతో ఫొటో తీసుకుని, రెండు పుస్తకాలనూ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేసింది. ఎక్కడైనా పాస్‌పోర్టునే పూచీగా ఉంచమంటే ఒప్పుకోకుండా, బదులుగా నగదు డిపాజిట్ ఇస్తామనడం మేలు.

డిపాజిట్ ఇక్కడ కూడా ఉంది. తాళానికీ తువ్వాళ్ళకీ కలిపి 200 బాట్ నగదుగా తీసుకుని, చేత్తో రాసిన చీటీ ఇచ్చింది. ఆ చీటీని పోగొట్టుకోకూడదు. కార్డు యంత్రం లేదు. థాయివారంతా క్యూఆర్ స్కాన్ చేసి చెల్లిస్తున్నారు, చూడడానికి అది అచ్చం మన ఊళ్ళలోలాగే ఉంది, కానీ మా ఫోనులోని యూపీఐ దానితో పనిచేయలేదు. విదేశీ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే అక్కడి బ్యాంకులు ప్రతిసారీ రుసుము తీసుకుంటాయి, మేము వెళ్ళినప్పుడు అది సాధారణంగా 220 బాట్ ఉండేది, మన బ్యాంకు కోత దానికి అదనం. కనుక కొద్దికొద్దిగా కాక ఒకేసారి తీసుకోవడమో, బ్యాంకాక్‌లోనే నగదు మార్చుకుని రావడమో చేయాలి.

మొదట చూపించిన గదిలో ఒకటే వెడల్పు మంచం ఉంది. ఇద్దరు అని బుక్ చేస్తే జంట అనుకోవడం వారి తప్పు కాదు. రెండు వేళ్ళు చూపించి, వాటిని దూరంగా జరిపితే పా నవ్వి, అదే అద్దెకు రెండు మంచాల గది ఇచ్చింది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లెక్కడం నాన్నగారికి కష్టమే అయినా కింది గది అడగలేదు, ఎందుకంటే ఊళ్ళోకి వస్తుండగా నది వైపు వీధుల్లో ఇళ్ళ గోడల మీద నడుమెత్తున నీటి చార కనిపించింది. 2024 ఆగస్టులో యోమ్ నది పొంగినప్పుడు ప్రే మునిగింది. మేము వెళ్ళిన రోజుల్లోనూ వానలు పడుతూనే ఉన్నాయి.

గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది. నేల మీద తెల్లటి పలకలు, గోడకు ఒక టీవీ, మూలన మోకాలెత్తు ఫ్రిజ్, దాని మీద రెండు ఉచిత నీళ్ళ సీసాలు. తలుపు పక్కన ఒక గూడు ఉంటుంది, తాళంచెవి బిళ్ళను అందులో గుచ్చితేనే కరెంటు వస్తుంది. బయటికి వెళ్తూ బిళ్ళ తీసుకుంటే ఫ్యాను, ఏసీ, చార్జింగులో పెట్టిన ఫోను, ఫ్రిజ్ అన్నీ ఆగిపోతాయి, కనుక పెరుగు కప్పు తెచ్చుకుంటే పూటలోనే తినెయ్యాలి. మన రెండు పుల్లల చార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో ఇమిడాయి. మూడు పుల్లల ప్లగ్గు ఇమడలేదు, దానికి అడాప్టర్ కావలసివచ్చింది. కప్పుకోవడానికి పలుచటి దుప్పటి ఉండదు, మందపాటి బొంత ఒకటే ఉంటుంది. ఏసీ వేసుకుంటే ఉక్క తెలియదు, ఆపితే అది మొయ్యలేం.

బాత్రూము గురించి మనవాళ్ళు భయపడనవసరం లేదు. కమోడ్ పక్కన నీటి గొట్టం థాయిలాండ్‌లో దాదాపు ప్రతిచోటా ఉంటుంది, ఈ విషయంలో ఐరోపాలోని పెద్ద హోటళ్ళ కన్నా ఈ చవక గదే మనకు నయం. స్నానానికి గోడకు బిగించిన చిన్న కరెంటు హీటరు ఉంది. ముందు గోడ మీది స్విచ్ వేసి, తరువాత కుళాయి తిప్పితే నీళ్ళు అప్పటికప్పుడు వేడెక్కుతాయి. స్నానానికి వేరే అర లేదు కాబట్టి నేలంతా తడుస్తుంది, రబ్బరు చెప్పులు గదిలోనే పెట్టారు. నాన్నగారికి మాత్రం షవరు కింద స్నానం చేస్తే చేసినట్టు ఉండదు. గదులు ఊడ్చే అమ్మాయికి నేను చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నట్టు అభినయించి చూపిస్తే, ఆమె ఒక్క క్షణం చూసి, పడీపడీ నవ్వి, కిందికి వెళ్ళి నీలం బకెట్టు ఒకటి, ఎర్రటి ప్లాస్టిక్ దొప్ప ఒకటి తెచ్చింది. థాయి ఇళ్ళల్లోనూ దొప్పతో నీళ్ళు పోసుకునే అలవాటు ఉన్నదే.

ఇక ఇంటి నియమాలు. మెట్ల దగ్గర చెప్పులు విడవాలి. ఘాటైన వాసన వచ్చే దురియన్ పండు గదిలోకి తేకూడదని బొమ్మ గీసి పెట్టారు. రాత్రి పదింటికి ఇనుప తలుపు లాగేస్తారు, ఆ తరువాత వస్తే పక్క సందులోని గంట నొక్కాలి. అయినా ఆ ఊళ్ళో ఎనిమిదిన్నర దాటాక బయట చేసే పనేమీ ఉండదు. పొద్దున నిద్ర లేపేది మునిసిపాలిటీ మైకు. మొదట ఏవో ప్రకటనలు, ఎనిమిది గంటలకు జాతీయగీతం. నిద్ర ముఖ్యమనుకునేవారు వీధి వైపు కాక వెనుక వైపు గది అడగాలి, అయితే వెనుక వైపు చెట్ల మీద బల్లులు రాత్రంతా అరుస్తాయి. హోటల్ ముందు స్తంభం మీద ఆ స్థలాన్ని కాపాడే దేవతకు కట్టిన చిన్న గుడి లాంటి మందిరం ఉంది. రోజూ పొద్దున్నే పా అక్కడ అగరొత్తులు వెలిగించి, ఎర్ర ఫాంటా సీసా మూత తీసి, అందులో గొట్టం గుచ్చి పెట్టేది.

హోటల్ వారు ఇచ్చే ఫలహారం అంటే పొట్లం కాఫీ, ప్లాస్టిక్ కవరులో కేకు, అరటిపండు, మరిగే నీళ్ళ యంత్రం. ఆ నీళ్ళతో మా ఉప్మా పొట్లాలు గట్టెక్కాయి. శాకాహారం నిజంగా కష్టమే. ఊరి ప్రత్యేక వంటల్లో పంది మాంసం ఉంటుంది, కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ వేస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసిన దుకాణాలు పూర్తి శాకాహారం, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు; అయితే అవి మధ్యాహ్నానికే కట్టేస్తారు. రాత్రి భోజనం కోసం ప్రతు చాయ్ కూడలి దగ్గరి బజారుకు వెళ్ళవలసిందే. పా ఒక కాగితం మీద మాంసం, చేప, రొయ్యలు, చేపల సాస్ వద్దని థాయిలో రాసి ఇచ్చింది. అనువాద యాప్ చూపిస్తే సందేహంగా చూసిన బండివాళ్ళు ఆ చేతిరాత చూపిస్తే వెంటనే తల ఊపి, బాణలి కడిగి మరీ వండారు. దానికి తోడు సోయా పాలు, పళ్ళు, బంక అన్నం ఎప్పుడూ దొరుకుతాయి. తాగే నీళ్ళకు వీధి చివర యంత్రం ఉంది, బాట్ వేస్తే సీసా నిండుతుంది.

అంత చవకగా అన్ని చోట్లకూ దగ్గరగా ఉండడమే ఈ బసలోని అసలు లాభం. 1892లో కట్టిన ఆఖరి పాలకుడి నివాసం ఖుమ్ చావ్ లుఆంగ్, 1897 నాటి గులాబీ రంగు వొంగ్‌బురి భవనం నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. మన కోస్తాలోని పాత మండువా లోగిళ్ళకు బర్మా టేకు వచ్చిన కాలంలోనే బాంబే బర్మా కంపెనీ ఇక్కడ కూడా టేకు కొట్టించింది. నది ఒడ్డున ఉన్న ఆ కంపెనీ పాత కట్టడాన్ని 2020లో మరమ్మతు పేరుతో కూల్చివేస్తే ఊరంతా గగ్గోలు పెట్టిందని నేను చదివి చెప్పినప్పుడు నాన్నగారు చాలాసేపు బాధపడ్డారు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ప్రథాత్ చో హే స్తూపానికి పా తనకు తెలిసిన సోంగ్‌తావ్ అతన్ని పిలిపించి, బేరం కూడా తానే ఆడింది.

బస పొడిగించాలంటే ముందురోజు సాయంత్రం చెప్పి నగదు ఇస్తే సరిపోతుంది. ఖాళీ చేసే వేళ మధ్యాహ్నం పన్నెండు. అమ్మాయి పైకి వెళ్ళి తువ్వాళ్ళు లెక్కచూసుకుని, మెట్ల మీది నుంచే అంతా సరిగ్గా ఉందని కేకేసింది. చీటీ ఇవ్వగానే 200 బాట్ చేతికి వచ్చాయి. రసీదు అడిగితే ఇచ్చారు కానీ దాని మీద సంవత్సరం 2568 అని ఉంది. బౌద్ధ శకం మన లెక్కకు 543 ఏళ్ళు ముందుంటుంది, ఆఫీసులో బిల్లు పెట్టేవారు ఆ సంగతి రాసి జతపరచాలి. మేము అక్కడి నుంచి నాన్ పట్టణానికి బస్సులో వెళ్తున్నామని తెలిసి, పా తనకు తెలిసినవాళ్ళ హోటలుకు ఫోను చేసి గది చెప్పింది, చిరునామాను థాయిలో రాసిచ్చింది. నాన్‌లో బస్సు దిగి ఆ కాగితం చూపిస్తే ఆటో అతను నేరుగా తీసుకెళ్ళి దించాడు. అక్కడ అద్దె 50 బాట్ ఎక్కువ, రెండు మంచాలు వేసి సిద్ధంగా ఉంచారు.