మిరప కోతల్లో సర్వే పెట్టుకోకండి

ఎపిడెమియాలజీలో (జనంలో జబ్బులు ఎవరికి, ఎంతమందికి, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం) పీహెచ్‌డీ అనగానే ఎక్కువమంది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతారు. థీసిస్ నిలబడేదీ కూలేదీ అంతకన్నా ముందే, శాంపిల్ తీసేచోట, అంటే ఎవరిని కొలవాలో ఎంచుకునేచోట.

గుంటూరు పల్లెల్లో బీపీ సర్వే అనుకుందాం. 25 శాతం మందికి బీపీ ఉంటుందని అంచనా, అటూఇటూ 5 శాతం తేడాకి ఒప్పుకుంటే లెక్క 289 మంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒకే ఊరివాళ్ల తిండీ పనీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, క్లస్టర్ పద్ధతిలో (ముందు ఊళ్లని ఎంచుకుని, ఒక్కో ఊళ్లో కొంతమందిని కొలవడం) ఎక్కువమంది కావాలి. ఎన్ని రెట్లు కావాలో చెప్పే అంకె డిజైన్ ఎఫెక్ట్; అది 2 వేస్తే 578. పదిశాతం మంది దొరకరనుకుని 0.9తో భాగిస్తే 643. 30 క్లస్టర్లకి పంచితే ఒక్కోచోట 22 మంది. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క ఫారం కూడా నింపకూడదు.

ఇక కాలం. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. పగలు పదింటికి వెళ్తే ఇళ్లకి తాళాలు, ఉండేది ముసలివాళ్లే. వాళ్లనే కొలిస్తే బీపీ శాతం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. తాళం ఉందని పక్కింటివాళ్లని రాసుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు, దయచేసి ఆ పని చెయ్యకండి. సాయంత్రమో తెల్లవారుజామునో మళ్లీ వెళ్లండి. మూడుసార్లు చూశాకే ‘దొరకలేదు’ అని రాయండి.

కొలిచేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే రీడింగ్ ఎక్కువొస్తుంది. చేత్తో పంపుకొట్టే మిషన్ అయితే రోజూ రాత్రి ఫారాలు తిరగెయ్యండి: అంకెలన్నీ సున్నాతోనే ముగుస్తుంటే సరిగ్గా చదవకుండా దగ్గరి పదికి సరిపెట్టి రాస్తున్నట్టే, కొలిచే మనిషికి మర్నాడే మళ్లీ శిక్షణ ఇవ్వాలి.