6 కోట్ల లంచం, 130 కోట్ల చట్టం

అవినీతి అంటే మనం డబ్బు తినేయడం గురించే మాట్లాడుకుంటాం, కానీ కరెంటు విషయంలో తిన్న డబ్బు కంటే దానితో రాయించుకున్న చట్టమే ఎక్కువ నష్టం చేస్తుంది అని నాకు అమెరికాలోని ఒహైయో రాష్ట్రం కేసు చదివాక బాగా అర్థమైంది.

అమెరికాలో ఫస్ట్‌ఎనర్జీ అని పెద్ద కరెంటు కంపెనీ. దాని కిందున్న రెండు న్యూక్లియర్ ప్లాంట్లు, డేవిస్ బెస్సీ, పెర్రీ, నష్టాల్లో నడుస్తున్నాయి. మార్కెట్లో నెగ్గుకు రాలేం కాబట్టి జనం బిల్లుల్లోంచి లాగుదాం అనుకున్నారు. దాతల పేర్లు బయటపెట్టక్కర్లేని ఒక సంస్థకి దాదాపు 6 కోట్ల డాలర్లు పంపారు, ఆ సంస్థ అక్కడి రాజకీయ నాయకుడు లారీ హౌస్‌హోల్డర్ గుప్పిట్లో ఉంది. ఆ డబ్బుతో తన మనుషుల్ని గెలిపించుకుని అక్కడి సభకి స్పీకర్ అయ్యాడు, సొంత క్రెడిట్ కార్డు బాకీ కూడా అందులోంచే తీర్చుకున్నాడు. 2019లో ఆ ప్లాంట్లకి జనం బిల్లుల్లోంచి సబ్సిడీ ఇప్పించే హౌస్ బిల్ 6 అనే చట్టం పాసైంది, విలువ దాదాపు 130 కోట్ల డాలర్లు. పెట్టినదానికి ఇరవై రెట్ల పైనే, ఏ వ్యాపారంలో వస్తుందండీ ఇంత లాభం?

జనం ఊరుకోలేదు, రెఫరెండం, అంటే జనం ఓటు, పెట్టించి దీన్ని కొట్టేయిద్దామని సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. అప్పుడు చట్టం కావాలనేవాళ్లు టీవీల్లో యాడ్లు వేశారు, చైనా వాళ్లు మీ కరెంటు గ్రిడ్ లాక్కోబోతున్నారు, సంతకం పెట్టకండి అని! సంతకాలు సేకరించే కుర్రాళ్లకి డబ్బులిచ్చి పని మాన్పించారు కూడా. చివరికి గడువులోగా సరిపడా సంతకాలు రాలేదు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కడుపు మండింది.

ఇంకోటుంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. అదే చట్టంలో సోలార్, విండ్ లాంటి వాటి టార్గెట్ 12.5 శాతం నుంచి 8.5కి తగ్గించేశారు, కరెంటు పొదుపు టార్గెట్లు ఎత్తేశారు. రెండు పాత బొగ్గు ప్లాంట్లకి కూడా సబ్సిడీ ఇచ్చారు, అందులో ఒకటి ఆ రాష్ట్రంలోనే లేదు, పక్కనున్న ఇండియానాలో ఉంది!

లంచం లేకుండా కూడా ఇలాంటివి జరుగుతాయి. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ 2001లో నేషనల్ ఎనర్జీ పాలసీ తయారుచేసినప్పుడు ఎవరెవరిని కలిశారో లిస్టు ఇమ్మంటే ఇవ్వలేదు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005 ఎనర్జీ చట్టమేమో ఫ్రాకింగ్‌కి (భూమిలోకి నీళ్లు, రసాయనాలు బలంగా కొట్టి రాళ్లు పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పద్ధతి) తాగునీటి రక్షణ చట్టం నుంచి దాదాపు పూర్తిగా మినహాయింపు ఇచ్చేసింది. చెనీ అంతకుముందు సీఈఓగా చేసిన హాలిబర్టన్ కంపెనీ పనుల్లో ఫ్రాకింగ్ ముఖ్యమైనది. అక్కడ జైలుకెళ్లినవాళ్లు లేరు.

ఒహైయోలో మాత్రం దొరికారు. హౌస్‌హోల్డర్‌కి 2023లో 20 ఏళ్ల జైలు పడింది, కంపెనీ 23 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది, న్యూక్లియర్ సబ్సిడీ 2021లోనే రద్దు చేశారు. బొగ్గు సబ్సిడీని మాత్రం అప్పుడు ముట్టుకోలేదు, హౌస్‌హోల్డర్ జైలుకెళ్లాక కూడా, 2025లో మరో చట్టం దాన్ని ఎత్తేసేదాకా, ఒహైయో జనం ఇండియానాలోని బొగ్గు ప్లాంటుకి నెలనెలా బిల్లులో కడుతూనే వచ్చారు.