తమ్ముడి కాలిలో మూడు సెంటీమీటర్లు

హాలియా నుంచి మిర్యాలగూడ వస్తూ మా తమ్ముడు వడ్ల ట్రాక్టర్‌ను గుద్దుకుని ఏడాదిన్నర దాటింది. మోకాలి కింది పెద్ద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. మట్టి పట్టిన ముక్కలన్నీ తీసేశాక మధ్యలో మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది. బయట నుంచి రాడ్లు బిగించారు. ఆరు నెలలైనా ఎక్స్‌రేలో ఆ జాగా నల్లగానే ఉంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని కాబట్టి ఇంట్లో అందరూ నన్నే పట్టుకున్నారు. "ఎముక పెరిగే ఇంజెక్షన్ ఉందట గదా, ఎందుకు వేయించవు?" బావ అయితే పుత్తూరు కట్టు కట్టిద్దామని కారు కూడా మాట్లాడాడు.

ఆ మందు నిజంగానే ఉంది. 1965లో లాస్ ఏంజెలెస్‌లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టర్, ఎముకలోని ఖనిజాలను యాసిడ్‌లో కరిగించి, మిగిలిన మెత్తటి భాగాన్ని జంతువుల కండలో పెట్టాడు. కండలో ఎముక పుట్టింది! దానికి కారణమైన ప్రోటీన్‌కే తర్వాత బీఎంపీ అని పేరొచ్చింది. వాటిలో ఒక రకమైన బీఎంపీ-2ను ల్యాబ్‌లో తయారుచేశారు. దాన్ని అమెరికాలో 2002లో వెన్నెముక ఆపరేషన్లకు, 2004లో మా తమ్ముడి లాంటి కాలి దెబ్బలకు అనుమతించారు. అయితే అది సూదితో ఎక్కించేది కాదు. కొలాజెన్ స్పాంజిని అందులో నానబెట్టి విరిగిన చోట పెడతారు, లేకపోతే నిలవదు. డోసు శరీరంలో సహజంగా ఉండే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే వాపు రావచ్చు, అక్కర్లేని చోట ఎముక పెరగవచ్చు. మెడ ఆపరేషన్లలో వాడితే గొంతు వాచి ఊపిరాడని కేసులు రావడంతో 2008లో అక్కడి ప్రభుత్వమే హెచ్చరిక ఇచ్చింది.

ఇంట్లో వాళ్లకు నేను ఇలా చెప్పాను: ఈ ప్రోటీన్ ఊళ్లో డప్పు చాటింపు లాంటిది. రమ్మని పిలుస్తుంది, అంతే. వచ్చే కణాలు ఉండాలి, అవి రావడానికి రక్తం దారి ఉండాలి, చీము ఉండకూడదు, ఎముక కదలకూడదు. మాకు అసలు అడ్డు చీమే. కల్చర్ పరీక్షలో (గాయం నమూనాలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) రెండుసార్లు ఏ బ్యాక్టీరియా పెరగలేదని తేలాకే డాక్టర్ తేదీ ఇచ్చారు. సిగరెట్ మానితేనే ఆపరేషన్ అని తమ్ముడికి గట్టిగా చెప్పారు. నాకు అన్నిటికంటే నచ్చిన మాట అదే.

చివరికి ఆ మందు కాకుండా, తమ్ముడి తుంటి నుంచే కొంత ఎముక తీసి ఆ ఖాళీలో పెట్టారు. సొంత ఎముకలో కణాలూ, వాటికి ఆసరా, ఈ ప్రోటీన్లూ అన్నీ కలిసే ఉంటాయి. స్టీలు గిన్నెలో దాన్ని నాకు చూపించారు. మన మిల్లులో నూకలకు తడి ఎర్రమన్ను కలిపినట్టుంది. పిడికెడు కూడా లేదు. నా చేతులు వణికాయి.

మూడో నెల ఎక్స్‌రేలో దూది పరిచినట్టు తెల్లగా కనిపించింది. ఇప్పుడు తమ్ముడు కర్ర లేకుండా నడుస్తున్నాడు, కాలి కంటే తుంటే ఎక్కువ నొప్పి అంటాడు. మొన్న అమ్మ కొత్త ఎక్స్‌రేను కిటికీకి ఆనించి, ఆ తెల్లటి చోట వేలు పెట్టి అడిగింది.

"తుంటిల నుంచి తీసింది ఇదేనా?"

"అది చాలా వరకు కరిగిపోయిందమ్మా. ఇది దాని జాగాలో వాని కాలు కొత్తగా పోసుకున్నది."